గీతలు గీసేటోని లెక్క

పొద్దుగాల ఐదింటికి సున్నం పొడి జల్లెడ వడ్త.
సుతిలి తాడు, నాలుగు మేకులు, అడుగున పొక్కల రేకు డబ్బ.
తాడు గుంజి కట్టి, వంగి, ఎనుకకు నడుస్త.
గీత గీసేటోడు ఎప్పుడైనా ఎనుకకే నడువాలె,
ముందుకు నడిస్తె గీసిందంత కాళ్ల కిందనే వోతది.

నిన్న ప్రిన్సిపాల్ సారు గదిల మీటింగు వెట్టిన్రు.
చాయ్ ఇయ్యవోయి తలుపు కాడ్నే నిలవడ్డ.
"ఫుట్‌బాల్ల మన కాలేజి ఎనుకబడ్డట్టా, పడనట్టా?
ఒక్క మాట చెప్పున్రి."
పీడీ సారు కాయితం ఇప్పిండు.
మంచిర్యాల ఏడాటలల్ల ఆరు గెలిచింది.
కరీంనగరోళ్లకు కోచున్నడు, కోచుకు ల్యాప్‌టాపున్నది,
ల్యాప్‌టాపుల మన పోరగాండ్ల ఉరుకుడంత ఉన్నదట.
జగిత్యాల, మొన్నటిదాక మన కాడ బంతి అడుక్కపోయిన జగిత్యాల,
మూడో జాగల ఉన్నది.
మనం కిందికెల్లి రెండు.
ఫ్యాను తిరుగుతాంది. చాయ్ మీద మీగడ కడ్తాంది.
నన్నెవలు అడుగలే.

నేను ఆట జూడ.
ఆట అయిపోయినంక నేల జూస్త.
ఇరువై రెండేండ్ల సంది అదే నా స్కోరుబోర్డు.
గెలిచిన కాలంల అవుతలోళ్ల గోలు ముంగట
పిడికెడు సున్నం మిగులకపోయేది.
మన దిక్కు గీతలు పెండ్లి ముగ్గు లెక్క
తెల్లారిందాక ఉండేటియి.
గిప్పుడు ఉల్టా.
మన గోలు ముంగట మన్ను ఎర్రగ తేలింది,
అవుతల దిక్కు గీత మీద
పిట్ట కాలు గూడ పడలే.

గిదొక్కటే చెప్తె, ఎనుకబడ్డట్టే.

గని ముజమ్మిల్ చేతులు జూసినోడు ఉన్నడా ఆ గదిల?
గోల్ కీపరు. రాత్రి ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాలు మోస్తడు,
పొద్దుగాల వచ్చి బంతి పడ్తడు.
కండ్లల్లకు చెమట కారినా తుడుసుకోడు,
తుడుసుకుంటె ఆ పొద్దంత ఆట లేదు.
కరీంనగరోళ్ల రెండో గోలు గా చెమట లోపల్నుంచే వోయింది.
ఆ ల్యాప్‌టాపుల గది ఉన్నదో లేదో.
ధర్మసాగరం వినీల్ ఉరికితె పక్కకు జరిగి తొవ్విడుస్తరు.
ఐదు నలువైకి బస్సు. దాని తర్వాత బస్సు లేదు.
ఆఖరి పది నిమిషాలు మనం పది మందిమే.

ఇంకోటున్నది, ఇది నా ఒక్కనికే ఎరుక.
పోయినేడు ఉత్తరం దిక్కు బండ్ల షెడ్డు ఏసిన్రు.
రేకులు మంచియే.
మేకు పాతవోతె సిమెంటు.
నా తాడు అదే తాడు,
గ్రౌండు పదకొండు అడుగులు కురుచైంది.
గీ కురుచ నేల మీద నేర్సిన కాళ్లు
మంచిర్యాల వోయి ఉరుకుతయి,
ఉరికి, ఇగ గోలు అచ్చిందనుకున్న కాడ తంతయి.
పదకొండు అడుగులు తక్కువ.
ఊరు మారినా అదే తక్కువ.

"ఓదెలూ, కప్పులు తీస్కపో" అన్నరు.
తీస్కపోయిన.

ఇయ్యాల పొద్దుగాల గీతలు గీయలే.
పదింటిదాక ఆగిన. బండ్లన్ని నిండినయి.
తాడు పాత లెక్కకే గుంజిన, షెడ్డు నడుమకెల్లి.
పోరగాండ్లు నవ్విన్రు, ఒకడు ఫోన్ల తీసిండు.
రెండు బండ్ల సందుకెల్లి ఎనుకకు నడుసుకుంట,
డబ్బ తట్టుకుంట పోతాంటె
వీపుకు తగిలింది ప్రిన్సిపాల్ సారు కారు.
కొద్దిసేపు నిలవడ్డ.
ఇగ బోర్ల పండి
కారు కింద గూడ గీసిన, చెయ్యి అందినకాడికి.

పొద్దుగూకె యాళ్లకు బండ్లన్ని ఇండ్లకు వోయినయి.
టైరుకింత తెల్లగ అంటుకొని
మా గోలు లైను
నక్కలగుట్ట దిక్కు కొంత,
కాజీపేట బ్రిడ్జి దిక్కు కొంత.